రెండు అర మైళ్ళు: కొలరాడో ఇంధన కమిషన్‌కు ఒక కోనసీమ డాక్టరు బహిరంగ లేఖ

ఎనర్జీ అండ్ కార్బన్ మేనేజ్‌మెంట్ కమిషన్ సభ్యులకు,
డెన్వర్, కొలరాడో.

నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో ఉన్నందుకు ఏమీ అనుకోకండి. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. అది మీ ఫైళ్ళలో ఒదిగేలా పొడిపొడిగా, పద్ధతిగా ఉంటుంది. చమురు, గ్యాసు బావుల అనుమతుల మీద మీరు జరిపే విచారణల్లో పౌరులకు దొరికే కొద్ది నిమిషాల్లో చెప్పలేనిదంతా ఇక్కడ చెప్పుకుంటాను. పైగా ఇది మీ ఒక్కరి కోసమే రాస్తున్నదీ కాదు. డెన్వర్ చుట్టుపక్కల ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. వాళ్ళలో ఓటు హక్కు వచ్చినవాళ్ళూ తక్కువేమీ కాదు. సెలవులకు ఐ-70 రహదారి మీద పడమరగా, యూటా ఎర్ర కొండలు చూడటానికి బయలుదేరి, దారిలో పారాషూట్ అనే ఊళ్ళో పెట్రోలు పోయించుకుని, ఆ పేరు చూసి పిల్లలతో కలిసి నవ్వుకుని వెళ్ళిపోతారు. ఎడమ వైపు కనిపించే బల్లపరుపు కొండల్లో, దాదాపు ఎనిమిదిన్నర వేల అడుగుల లోతున ఒక అణుబాంబు పేలిన గుహ ఉందని వాళ్ళకు తెలియదు. ఇక్కడికి వచ్చిన నాలుగేళ్ళ దాకా నాకూ తెలియదు.

నేను పశ్చిమ కొలరాడోలో కుటుంబ వైద్యం చేస్తున్నాను. ఈ విషయం నాకు మొదట చెప్పింది ఒక రోగి. డెబ్బై దాటిన పెద్దావిడ. రక్తపోటు చూపించుకోవడానికి వచ్చి, వెళ్ళే ముందు తలుపు దగ్గర ఆగి రెండు ప్రశ్నలు అడిగారు. మా వంటింట్లో స్టౌ మీద మండే గ్యాసులో ఆ బాంబు విషం ఉందా అన్నది మొదటిది. ఏ బాంబు అని అడిగి నవ్వులపాలయ్యాను. ఇంటికి వెళ్ళి చదువుకుని, తర్వాతి నెల ఆవిడ వచ్చినప్పుడు జవాబు చెప్పగలిగాను: లేదమ్మా, ఇప్పటిదాకా చేసిన పరీక్షల్లో అలాంటిదేమీ బయటపడలేదు. రెండో ప్రశ్న వేరు. వాళ్ళ వీధి చివర కొత్త గ్యాసు బావులు సిద్ధం చేసిన వారాల్లో తలనొప్పి, గొంతు మంట, రాత్రిపూట కిరోసిన్ లాంటి వాసన. దానికీ దీనికీ సంబంధం ఉందా అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు నేను ఇవాళ్టికీ ఆవిడకు బాకీ ఉన్నాను. ఈ ఉత్తరం ఆ బాకీ గురించే.

ముందు బాంబు సంగతి. మీకు తెలిసినదే అయినా, మావాళ్ళ కోసం చెప్పాలి.

1969 సెప్టెంబరు 10న గార్‌ఫీల్డ్ కౌంటీలో, అప్పట్లో గ్రాండ్ వ్యాలీ అని పిలిచిన పారాషూట్ పట్టణానికి ఆగ్నేయంగా ఉన్న కొండల్లో, 8,426 అడుగుల లోతున 40 కిలోటన్నుల అణు పేలుడు జరిపారు. హిరోషిమా మీద వేసినదానికి ఇది రెండున్నర రెట్ల పైమాటే. ఇది ఆయుధ పరీక్ష కాదు. గ్యాసు కోసం. అక్కడి ఇసుకరాయి ఎంత బిగువుగా ఉంటుందంటే, లోపల గ్యాసు ఉన్నా బావి తవ్వితే ఊరదు. రాయిని బాంబుతో పగలగొడితే గ్యాసు ధారాళంగా వస్తుందని అమెరికా అణుశక్తి కమిషన్, హ్యూస్టన్‌కు చెందిన ఆస్ట్రల్ ఆయిల్ కంపెనీ తలపెట్టాయి. ఆ ప్రయోగం పేరు ప్రాజెక్ట్ రులిసన్. అది భాగమైన పెద్ద పథకం పేరు ప్లౌషేర్. కత్తులను సాగగొట్టి నాగళ్ళకు అమర్చుకోవడమనే బైబిలు మాట నుంచి తీసుకున్న పేరు. తెలుగు బైబిలులో ‘నాగటి నక్కులు’ అని ఉంటుంది. అయిదేళ్ళ తర్వాత, 1974 మేలో పోఖ్రాన్‌లో మా దేశం జరిపినదానికీ ‘శాంతియుత అణు పేలుడు’ అనే పేరు పెట్టారు. కాబట్టి ఈ పేర్ల తియ్యదనం నాకు కొత్త కాదు.

రులిసన్ ఒంటరిదీ కాదు. 1967 డిసెంబరులో న్యూ మెక్సికోలో గ్యాస్‌బగ్గీ పేరుతో 29 కిలోటన్నులు పేల్చారు. 1973 మేలో మన కొలరాడోలోనే రియో బ్లాంకో కౌంటీలో ఒకే బావిలో ఒకదాని కింద ఒకటిగా మూడు బాంబులు, ఒక్కొక్కటి 33 కిలోటన్నులవి, ఒకేసారి పేల్చారు. మూడు గుహలూ కలిసిపోయి ఒకే పెద్ద పొగగూడులా మారతాయనుకున్నారు, కలవలేదు. ఇవి ఫలిస్తే ఇలాంటి పేలుళ్ళు వందల్లో జరపాలన్నది అప్పటి ఆలోచన. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

గ్యాసు వచ్చింది, నిజమే. 1970, 1971లలో నాలుగు విడతలుగా 45.5 కోట్ల ఘనపు అడుగుల గ్యాసు తీశారు. అందులో ట్రిటియం, క్రిప్టాన్-85 అనే రేడియోధార్మిక పదార్థాలు ఉన్నాయి. వాటిని ఏ ఇల్లాలి స్టౌకీ పంపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తీసిన గ్యాసును గొట్టం కొసన మండించి గాలిలోకి వదిలేశారు. అలా మండించవద్దని స్థానికులు కోర్టుకు వెళితే, కొలతలను ప్రజలకు వెల్లడించాలనే షరతు మీద ఫెడరల్ న్యాయస్థానం అనుమతించింది. 1976లో బావిని సిమెంటుతో మూసేశారు. అంతకు రెండేళ్ళ ముందే, 1974లో, కొలరాడో ఓటర్లు తమ రాజ్యాంగాన్నే సవరించుకున్నారు: ప్రజల ఓటు లేకుండా ఈ రాష్ట్రంలో ఎవరూ అణు పేలుడు జరపకూడదని. నిపుణులు చాలనేంతవరకు ఆగకుండా సామాన్యులే చాలని చెప్పిన సందర్భం అది. నేను ఈ రాష్ట్రాన్ని ఇష్టపడటానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఇవాళ ఆ చోట ఒక ఫలకం ఉంది. 40 ఎకరాల ఆ స్థలంలో 6,000 అడుగుల కిందకు ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ తవ్వకూడదని దాని మీద చెక్కి ఉంది. 2004 నుంచి, పేలుడు జరిగిన చోటుకు అర మైలు లోపల బావి తవ్వాలంటే మీ కమిషన్ ముందు విచారణ జరగాలనే నియమం ఉంది. మూడు మైళ్ళ లోపలి బావులకు నమూనాలు తీసి పరీక్షించే ప్రణాళిక ఉంది, ఫెడరల్ ఇంధన శాఖకు తెలియజేసే ఏర్పాటు ఉంది. ఆ శాఖ 2010లో మరో సలహా కూడా ఇచ్చింది: దూరం నుంచి మొదలుపెట్టి, కొన్ని బావులు తవ్వి, పరీక్షించి, ఏమీ లేదని తేలితే ఇంకొంచెం లోపలికి జరగాలి. చీకట్లో చేతికర్రతో తడుముకుంటూ నడిచే పద్ధతి ఇది. తెలివైన పద్ధతే. ఒక్కటే చిక్కు: కర్రకు గుంత తగిలిందని తెలిసే క్షణానికి కర్ర గుంతలోనే ఉంటుంది.

కొంచెం విడమరచి చెబుతాను. ఇప్పుడు ఆ లోయలో ఎవరూ బాంబులు వాడటం లేదు. నీళ్ళు, ఇసుక, రసాయనాలు అధిక పీడనంతో పంపి రాయిని పగలగొడుతున్నారు. బాంబు చేయలేకపోయిన పనిని నీళ్ళు చేశాయి. ఆ పగుళ్ళు అక్కడి రాతి స్వభావాన్ని బట్టి ఎక్కువగా తూర్పు పడమరలుగా సాగుతాయి. కాబట్టి గుహకు ఉత్తరాన ఉన్న బావి కన్నా తూర్పున, పడమరన ఉన్న బావి గురించి ఎక్కువ ఆలోచించాలి. ఇక బావి ఉత్పత్తి మొదలుపెట్టాక చేసే పని, కొబ్బరి బొండంలో గొట్టం పెట్టి పీల్చడం లాంటిదే. పీడనం తక్కువ ఉన్న వైపుకు గ్యాసు, దానితో పాటు నీటి ఆవిరి కదులుతాయి. ట్రిటియం హైడ్రోజన్‌కు బరువైన తోబుట్టువు. నీటిలో హైడ్రోజన్ ఉండాల్సిన చోట కూర్చుని, నీరు ఎటు వెళితే అటు వెళుతుంది. ప్లూటోనియం లాంటివి అలా కాదు. పేలుడు వేడికి కరిగి గాజులా గట్టిపడిన రాతి ముద్దలో, గుహ అడుగున చిక్కుకుని ఉన్నాయి. వాటికి కాళ్ళు లేవు. ట్రిటియానికి ఉన్నాయి.

ఈ ట్రిటియం విషయంలో కాలం మన పక్షాన ఉంది. మీ ముందు జరిగిన వాదనల్లో ఈ సంగతికి దక్కాల్సినంత చోటు దక్కలేదని నా ఫిర్యాదు. దాని అర్ధాయువు 12.3 సంవత్సరాలు. అంటే ప్రతి పన్నెండేళ్ళకు ఒకసారి, ఎవరూ ఏమీ చేయకుండానే, సగం మాయమవుతుంది. 1969 నుంచి ఇప్పటికి నాలుగున్నర సార్లు సగమైంది. గుహలో అప్పుడు ఉన్న ప్రతి నూరు పాళ్ళలో, గ్యాసుతో బయటికి పోయినది పోగా, మిగలగలిగింది నాలుగు పాళ్ళకు కాస్త అటూఇటూ. ఇంకో యాభై ఏళ్ళు ఆగితే పావు పాలు. వైద్యంలో మాకు ఇలాంటి వరం అరుదుగా దొరుకుతుంది: రోగి మంచం మీద విశ్రాంతిగా పడుకుంటే చాలు, జబ్బు దానంతట అదే తగ్గిపోతుంది. అలాంటి రోగికి శస్త్రచికిత్స చేస్తానని ఎవరైనా ఉబలాటపడితే ఆ సర్జన్ లెక్కలు మరొకసారి చూడమంటాను. ఆ ఇసుకరాయిలో గ్యాసు కోట్ల ఏళ్ళుగా ఉంది. యాభై ఏళ్ళలో పులిసిపోదు.

ఈ వాదనకు ఎదురు చెప్పేవాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. ఇప్పటిదాకా తీసిన నమూనాల్లో రులిసన్ తాలూకు రేడియోధార్మికత కనిపించలేదు, మరి భయమెందుకు అంటారు. మొదటి సగం నిజం. దాన్ని దాచి రాసే ఉత్తరం నిజాయితీ లేని ఉత్తరం అవుతుంది. ఇవాళ్టి దాకా ఆ గుహ ఎవరికీ హాని చేసినట్టు ఆధారం లేదు. నా రోగులకూ అదే చెబుతున్నాను. కానీ ఇప్పటిదాకా బావులు ఎక్కువగా ఆ అర మైలు బయటే ఉన్నాయి. బయట ఏమీ దొరకలేదన్నది లోపలికి వెళ్ళడానికి కారణం కాదు. బయటే ఉండటం మంచిపని అయిందనడానికి రుజువు.

ఇక నా అసలు గొడవకు వస్తాను.

నాకు తెలిసి ఈ లోయలో రెండు అర మైళ్ళు ఉన్నాయి. మొదటిది బాంబు చుట్టూ మీరు గీసిన గీత. ఆ గీత లోపల అడవి, కొండ, పశువుల మేత భూములు, జనం అంతంతమాత్రం. రెండో అర మైలు ఎవరూ గీయలేదు. ఒక అధ్యయనం నుంచి వచ్చింది. అందులో ఊళ్ళు ఉన్నాయి.

పారాషూట్‌కు ఎదురుగా, కొలరాడో నదికి అవతలి గట్టున బ్యాటిల్‌మెంట్ మీసా ఉంది. 1980ల మొదట్లో ఎక్సాన్ సంస్థ షేల్ రాతి నుంచి నూనె తీసే తన ప్రాజెక్టు కార్మికుల కోసం కట్టిన పట్టణం అది. 1982 మే 2, ఆదివారం నాడు ఆ సంస్థ ప్రాజెక్టును ఆపేసింది. రెండు వేల మందికి పైగా ఒక్క రోజులో రోడ్డున పడ్డారు. ఈ ప్రాంతంలో ఇప్పటికీ దాన్ని నల్ల ఆదివారం అంటారు. ఖాళీ ఇళ్ళు చవకగా వస్తున్నాయని ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు వచ్చి చేరారు. గోల్ఫ్ మైదానం, కొండగాలి, ప్రశాంతత అని ప్రకటనలు. అలా వచ్చిన వృద్ధుల ఊరి లోపలే దాదాపు 200 బావులు తవ్వుతామని 2009లో ఒక సంస్థ ముందుకొచ్చింది. ఊరివాళ్ళు అరిచి గోల చేయలేదు. చాలా మర్యాదగా, మా ఆరోగ్యం మీద దీని ప్రభావం ఏమిటో ముందు లెక్కగట్టండి అన్నారు. కౌంటీ ఒప్పుకుంది. కొలరాడో ప్రజారోగ్య విద్యాలయ పరిశోధకులకు పని అప్పగించింది. వాళ్ళు ఒక ముసాయిదా ఇచ్చారు, అభ్యంతరాలు విని రెండోది ఇచ్చారు. 2011లో, తుది ప్రతి రాకుండానే, కౌంటీ ఆ పనిని అక్కడితో ఆపేసింది. తర్వాత తవ్వే హక్కులు ఇంకో సంస్థ చేతికి మారాయి, ఊరి లోపల బావులు లేచాయి.

అసంపూర్తిగా ఆగిన వైద్య పరీక్ష గురించి ఏ డాక్టరైనా ఏమనుకుంటాడో ఊహించండి. రక్తం తీశారు, సీసాలో పోశారు, ఫలితం రాకముందే ప్రయోగశాలకు తాళం వేశారు.

అయినా ఆ పరిశోధకులు ఊరుకోలేదు. గార్‌ఫీల్డ్ కౌంటీ గాలి నమూనాల ఆధారంగా 2012లో ఒక పత్రం ప్రచురించారు. బావికి అర మైలు లోపల ఉండేవాళ్ళకు జీవితకాలంలో అదనంగా క్యాన్సర్ వచ్చే అవకాశం పది లక్షల్లో పది మందికని, అర మైలు దాటినవాళ్ళకు పది లక్షల్లో ఆరుగురికని అందులో తేలింది. ఈ తేడా చూసి నేను నిద్ర మానుకోను. నన్ను ఆపింది రెండో అంకె. బావిని పూర్తి చేసి ఉత్పత్తికి సిద్ధం చేసే నెలల్లో, లోపలికి పంపిన నీరు తిరిగి పైకి పొంగే రోజుల్లో వెలువడే ఆవిర్లకు క్యాన్సర్ కాని జబ్బుల ప్రమాద సూచిక లెక్కగట్టారు. ఒకటి దాటితే ఆలోచించాలని ఆ సూచికకు అర్థం. దూరంగా ఉన్నవాళ్ళకు అది 0.2. అర మైలు లోపలివాళ్ళకు 5. అందులో ప్రధాన భాగం ట్రైమిథైల్ బెంజీన్లు, జైలీన్లు, ఇతర హైడ్రోకార్బన్లది. ఇవి నరాల మీద, శ్వాస మీద పనిచేస్తాయి. తలనొప్పి, గొంతు మంట, కిరోసిన్ లాంటి వాసన. ఆ పెద్దావిడ తలుపు దగ్గర నిలబడి నాకు చెప్పింది ఈ జాబితానే, రసాయనాల పేర్లు తప్ప.

ఆమె తలనొప్పి ఆ బావి వల్లనే అని నేను రాసి సంతకం పెట్టలేను. ఆమెకు చలికాలంలో సైనస్ బాధ కూడా ఉంది. ఒక్క మనిషి విషయంలో కారణం తేల్చడం వైద్యానికి ఎప్పుడూ కష్టమే. అందుకే జనాభా మొత్తాన్ని కొలిచే అధ్యయనాలు కావాలి. అందుకే ఆగిపోయిన ఆ అధ్యయనం నన్ను ఇంతగా బాధిస్తోంది. 2014లో, 2019లో కొలరాడో జననాల మీద వచ్చిన పరిశోధనలు, బావులు దట్టంగా ఉన్న చోట పుట్టిన పిల్లల్లో గుండె లోపాలు ఎక్కువగా కనిపిస్తున్నాయని చెప్పాయి. సంబంధం కనిపించడం, కారణం అని తేలడం ఒకటి కాదని ఆ పరిశోధకులే జాగ్రత్తగా రాశారు. రాష్ట్రమే డబ్బిచ్చి చేయించి 2019లో విడుదల చేసిన అధ్యయనం, బావులకు 2,000 అడుగుల దాకా ఉన్నవాళ్ళకు కొన్ని పరిస్థితుల్లో స్వల్పకాలిక ఆరోగ్య ఇబ్బందులు రావచ్చని అంది. బెంజీన్ అనే రసాయనం పేరు అందులో ఉంది. బెంజీన్ రక్త క్యాన్సర్‌కు కారకమన్న విషయంలో ఇప్పుడు వాదన లేదు. పడమటి కొలరాడో చలికాలం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పైన వెచ్చని గాలి మూతలా కూర్చుని, కింద లోయలో చల్లని గాలి రోజుల తరబడి కదలదు. పొయ్యి మీద మూత పెట్టిన గిన్నెలా ఉంటుంది లోయ. ఆ గిన్నెలో ఏం ఉడుకుతోందన్నదే ప్రశ్న.

2020 చివర్లో మీరు ఇళ్ళకూ కొత్త బావులకూ మధ్య 2,000 అడుగుల దూరం నియమం చేశారు. అంతకుముందు 500 అడుగులే. ఆ మార్పుకు మీకు మనస్ఫూర్తిగా దణ్ణం పెడతాను. చాలా రాష్ట్రాలు ఆ మాట ఎత్తడానికే భయపడుతున్నాయి. అయితే అర మైలు అంటే 2,640 అడుగులు. పైగా నియమానికి మినహాయింపులు ఉన్నాయి, పాత బావులకు అది వర్తించదు.

ఇప్పుడు నా ఆరోపణ చెబుతాను. ఆరోపణ అంటే పెద్ద మాటేమో, మనస్తాపం అనుకోండి. ఇరవై ఏళ్ళుగా ఈ లోయలో ఆరోగ్యం గురించి మాట వచ్చినప్పుడల్లా చర్చ బాంబు వైపు మళ్ళుతోంది. ట్రిటియం వచ్చిందా? రాలేదు. అయితే అంతా క్షేమమే. సభ ముగిసింది. బాంబు అనే మాటకు ఉన్న బరువు అలాంటిది. పక్కన ఉన్నవన్నీ చిన్నవైపోతాయి. పత్రికలవాళ్ళకూ అదే కావాలి, ఉద్యమకారులకు కూడా కొంతవరకు అదే కావాలి. రులిసన్ నమూనాల్లో ట్రిటియం కోసం అంత శ్రద్ధగా వెతికే వ్యవస్థ, బ్యాటిల్‌మెంట్ మీసా వంటింటి కిటికీ దగ్గర బెంజీన్ కోసం అంతే శ్రద్ధగా వెతకాలి కదా?

ఈ సంగతి నాకు కొత్తగా తట్టింది కాదు. నేను పుట్టి పెరిగిన కోనసీమలో, 1995 జనవరి 8న పాసర్లపూడి దగ్గర గ్యాస్ బావి బ్లోఔట్ అయింది, అంటే గ్యాసు అదుపు తప్పి పైకి ఎగజిమ్మింది. 65 రోజులు మండింది. రాత్రిపూట మా పెరట్లో కొబ్బరి చెట్ల నీడలు కదిలేవి. దీపం అక్కర్లేకుండా చదువుకోవచ్చని మేము పిల్లలం సంబరపడ్డాం. పగలు ఆ మోత చెవుల్లోంచి పోయేది కాదు. ఎక్కడెక్కడి నుంచో బస్సుల్లో జనం చూడటానికి వచ్చారు. శనగలు, బఠాణీలు అమ్మేవాళ్ళు వచ్చారు. మంట ఆరిన రోజు ఊరంతా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరిలో ఏముందని అప్పుడు ఎవరూ అడగలేదు. మసి పడిన కొబ్బరి మట్టలు, పొలంలో నీళ్ళు, రెండు నెలలు ఆ గాలి పీల్చిన గర్భిణులు, వీళ్ళ గురించి మా ఇంటికి వచ్చి ఎవరైనా ఒక్క కాగితం నింపినట్టు మా అమ్మకు గుర్తు లేదు. మంట కనిపించింది కాబట్టి మంటను ఆర్పారు. మిగతాది కనిపించలేదు.

ఇక్కడికి వచ్చాక అదే కథ ఇంకో రూపంలో విన్నాను. గ్రాండ్ జంక్షన్‌లో యురేనియం శుద్ధి కర్మాగారం దగ్గర గుట్టలుగా పడి ఉన్న ఇసుకను ఏళ్ళ తరబడి ఇళ్ళ పునాదుల కిందకూ, కాలిబాటల కిందకూ తోలుకుపోయారు. మంచి మెత్తటి ఇసుక, ఉచితం. దానిలోంచి రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఇళ్ళలోకి వస్తోందని 1960ల్లో బయటపడింది. 1972లో, మళ్ళీ 1978లో ఫెడరల్ చట్టాలు చేసి, వేల చోట్ల నుంచి దాన్ని తవ్వి తీయాల్సి వచ్చింది. నా రోగుల్లో కొందరు పిల్లలుగా ఉన్నప్పుడు వాళ్ళ పెరడు తవ్విన సంగతి చెబుతారు. నవ్వుతూనే చెబుతారు. ఈ లోయవాళ్ళు దేన్నయినా నవ్వుతూనే చెబుతారు. అందువల్లనే వీళ్ళకు భయం లేదని డెన్వర్‌లో అనుకుంటారేమో.

చట్టం గురించి ఒక మాట. అర మైలు బయటే అయినా బాంబు చోటుకు దగ్గరలో ఇచ్చిన అనుమతుల మీద తమ మాట వినాలని గ్రాండ్ వ్యాలీ పౌరుల కూటమి కోర్టుకు వెళ్ళింది. అప్పీలు కోర్టులో నెగ్గి, 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయింది. అనుమతి దరఖాస్తు మీద ప్రతి పౌరుడికీ విచారణ కోరే హక్కు చట్టంలో లేదని కోర్టు తేల్చింది. నేను న్యాయవాదిని కాను, తీర్పును తప్పుపట్టను. కానీ ఆ తర్వాత చట్టమే మారింది. 2019లో శాసనసభ మీ పనిని తిరగరాసింది. తవ్వకాలను పెంపొందించడం మీ బాధ్యతల్లోంచి తొలగి, ప్రజల ఆరోగ్యాన్ని కాపాడే విధంగా నియంత్రించడం వచ్చింది. మీ సభ్యుల్లో ఒకరికి ప్రజారోగ్యంలో అనుభవం ఉండాలని కూడా రాశారు. 2023లో మీ పేరు కూడా మారింది. 2012లో ఆ పౌరులు తలుపు తట్టిన కార్యాలయం, ఇవాళ్టి మీ కార్యాలయం ఒకటి కాదనే నమ్మకంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ఏడు కాకపోతే మరో ఏడు, ఆ మొదటి అర మైలు లోపలికి ఒక దరఖాస్తు మీ బల్ల మీదకు వస్తుంది. అది వచ్చాక ఆలోచించే బదులు ఇప్పుడే చెప్పేయండి: ఆ గీత లోపల, ఆ ఇసుకరాయి పొరలోకి, ఇంకో యాభై ఏళ్ళు అనుమతి ఉండదని. ఇందులో ఎవరి హక్కునూ శాశ్వతంగా లాక్కోవడం లేదు, వాయిదా వేస్తున్నాం. నష్టపోయే భూమి యజమానులు ఉంటే వాళ్ళకు పరిహారం గురించి శాసనసభతో మాట్లాడండి. నలభై కిలోటన్నులు పేల్చినప్పుడు వాళ్ళ భూమి కింద ఏం మిగులుతుందో ప్రభుత్వం ముందే ఆలోచించాల్సింది. ఆ ఖర్చు వాళ్ళు ఒక్కరే మోయాలనడం న్యాయం కాదు.

గీత బయట, మూడు మైళ్ళ లోపలి నమూనాలను బావి సొంతదారులు కాక, వాళ్ళతో డబ్బు సంబంధం లేనివాళ్ళు తీయాలి. ఫలితాలు ఇంజినీర్లకే అర్థమయ్యే నివేదికల్లో కాక, పారాషూట్ గ్రంథాలయం గోడ మీద, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఒక్క పేజీలో అంటించాలి. ట్రిటియంతో పాటు, బావి నీటితో పైకి వచ్చే సహజ రేడియం కూడా ఆ పేజీలో ఉండాలి. సహజమైనది కాబట్టి మంచిదే అనుకునే అలవాటు మనందరికీ ఉంది. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్ళు. దాని విషయంలో ఆగి చూద్దామనే నా వాదన పనిచేయదు.

ఇక రెండో అర మైలు. 2011లో ఆగిపోయిన బ్యాటిల్‌మెంట్ మీసా ఆరోగ్య అంచనాను పూర్తి చేయించండి. మొదలుపెట్టింది కౌంటీ, ఆపింది కౌంటీ, నిజమే. కానీ ఇప్పుడు బావులు తవ్వి ఏళ్ళు గడిచాయి. ముందు ఊహించి రాసినదాన్ని ఇప్పుడు జరిగినదానితో పోల్చవచ్చు. రాష్ట్ర ఆరోగ్య శాఖ ఉంది, విశ్వవిద్యాలయం ఉంది, మీ దగ్గర ప్రజారోగ్య అనుభవం ఉన్న సభ్యులు ఉన్నారు. మా క్లినిక్‌ల నుంచి పేర్లు తీసేసిన రికార్డులు ఇవ్వడానికి నాలాంటి డాక్టర్లు సిద్ధంగా ఉన్నారు. ఎవరైనా అడగాలి కదా. బావిని సిద్ధం చేసే వారాల్లో దగ్గరి ఇళ్ళ దగ్గర గాలిని రాత్రింబవళ్ళు కొలిచి, అంకె హద్దు దాటిన గంటలోనే ఇంటివాళ్ళ ఫోనుకు సందేశం పంపే ఏర్పాటు కష్టమేమీ కాదు. పెట్రోలు ధర మారితే నాకు సందేశం వస్తోంది.

గ్యాసు లేకుండా బతుకుదామని నేను అనడం లేదు. నా ఇల్లు చలికాలంలో వెచ్చగా ఉండేది దానివల్లనే. నా రోగుల్లో సగం కుటుంబాలకు జీతం వచ్చేదీ దానివల్లనే. రిగ్గు మీద పనిచేసే కుర్రాళ్ళు నా దగ్గరికి వస్తారు. వాళ్ళు పీల్చే గాలి ఊరివాళ్ళు పీల్చేదానికన్నా ఘోరం. వాళ్ళ ఊపిరితిత్తుల గురించి కూడా ఆ అధ్యయనంలో ఒక అధ్యాయం ఉండాలి. 1982లో ఆ ఆదివారం నాడు ఉద్యోగాలు పోయినవాళ్ళ మనవలే వీళ్ళలో కొందరు. బావులు ఆపమంటే వాళ్ళ కళ్ళల్లో కనిపించే భయం నాకు తెలుసు. నేను అడుగుతున్నది ఒక గీత లోపల ఓపిక, ఇంకో గీత లోపల కొలత.

ఆ పెద్దావిడ మూడు నెలలకోసారి వస్తారు. ఈసారి వచ్చినప్పుడు రెండో ప్రశ్న మళ్ళీ అడుగుతారని నాకు తెలుసు. ఇంగ్లీషు ప్రతిలో నా చిరునామా, ఫోను నంబరు ఉన్నాయి. ఈ విషయం మీ విచారణలోకి ఎప్పుడు వస్తుందో ఒక్క వారం ముందు చెబితే చాలు. ఆ రోజు క్లినిక్ మూసేసి, ఆవిడ రాగలిగితే ఆవిడను కూడా కారులో ఎక్కించుకుని డెన్వర్ వస్తాను.

ఇట్లు,
పశ్చిమ కొలరాడోలో ఒక కోనసీమ డాక్టరు